చెమ్మ ఎవరి ఖాతాలో?

కొత్త ఫ్లాట్‌లో దిగిన రెండో ఏడో మూడో ఏడో, స్నానాల గది అవతలి గోడ మీద అరచేయంత తడి మచ్చ తేలుతుంది. ఇక ఇంట్లో రెండు వాదాలు మొదలవుతాయి. "ఐదేళ్ల దాకా బిల్డర్‌దే పూచీ, మనమెందుకు చెయ్యి పెట్టాలి?" అంటారు ఒకరు. "బిల్డర్ చుట్టూ తిరిగేలోపు గోడ పోతుంది, ప్లంబర్ని పిలిచి పని కానిచ్చేద్దాం" అంటారు ఇంకొకరు. రెండింటిలోనూ నిజం ఉంది కాబట్టే తేల్చుకోవడం కష్టం.

మొదటి వాదానికి బలం 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి) చట్టం. దాని 14వ సెక్షన్, మూడో ఉపసెక్షన్ ప్రకారం, ఫ్లాట్ స్వాధీనం చేసిన రోజు నుంచి ఐదేళ్లలోపు లోపాన్ని బిల్డర్ దృష్టికి తెస్తే, ఆయన అదనంగా పైసా అడక్కుండా 30 రోజుల్లో సరిచేయాలి. చేయకపోతే కొన్నవారికి పరిహారం దక్కుతుంది. పిల్లర్లు, స్లాబులే అనుకోనక్కర్లేదు. పనితనంలో, నాణ్యతలో, సదుపాయాల్లో లోపం కూడా ఇందులోకి వస్తుంది. సరిగ్గా అతకని పైపు జాయింటు, తూతూమంత్రంగా చేసిన వాటర్‌ప్రూఫింగ్ ఈ మాటల్లో ఇమిడిపోతాయి. ఇది న్యాయం కూడా. తాళాలు చేతికొచ్చేసరికి పైపులన్నీ గోడల్లో, టైల్స్ కింద దాగి ఉంటాయి. టైల్స్ వేయకముందు పైపులకు ప్రెషర్ టెస్ట్ చేశారా, బాత్రూం స్లాబ్ మీద నీళ్లు నిలగట్టి చూశారా అన్నది కట్టినవాడికి తప్ప కొన్నవాడికి తెలిసే దారి లేదు.

అయితే బిల్డర్ల మాటలన్నీ తప్పించుకునే మాటలే అనుకోకూడదు. స్వాధీనం తర్వాత ఇంటీరియర్ పనివాళ్లు టైల్స్ మారుస్తారు, అద్దం బిగించడానికి పైపు ఉన్నచోటే డ్రిల్ దించుతారు. గీజర్ మార్చినవాడు జాయింటును బలంగా తిప్పి వదిలేస్తాడు. మరకలు పోవాలని వారం వారం యాసిడ్ పోసి కడిగితే టైల్స్ మధ్య గ్రౌటింగ్ తినేస్తుంది. వాషర్లు, ఫ్లష్ ట్యాంకు లోపలి సామాను వాడకంతో అరుగుతాయి. పూచీ లోపానికే గానీ అరుగుదలకు కాదు. ఈ గీత ఎక్కడ గీయాలన్న దగ్గరే తగాదాలు పుడతాయి. తగాదా ముదిరితే 30 రోజుల గడువు కాగితం మీదే మిగిలిపోవచ్చు. పరిహారం తేల్చేది రెరాలోని అడ్జుడికేటింగ్ ఆఫీసర్. అక్కడ వాయిదాలు నడుస్తున్నంతకాలం గోడలో నీళ్లూ నడుస్తూనే ఉంటాయి.

రెండో వాదానికి బలం ఇక్కడే. సెకనుకో చుక్క కారే జాయింటు నుంచి రోజుకు 20 లీటర్ల దాకా పోతాయి. ఆ తడి ముందు పెయింటును ఉబ్బిస్తుంది, తర్వాత తెల్లటి ఉప్పు పొరగా తేలుతుంది. స్లాబ్‌లోకి దిగితే ఇనుప చువ్వలు తుప్పు పడతాయి. తుప్పు అసలు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటు లోపలి నుంచే పగిలి పెచ్చులూడుతుంది. వాషర్‌తోనో ఒక జాయింటుతోనో పోయే పని స్లాబ్ మరమ్మతు దాకా పెరుగుతుంది. అలాగని తొందరపడి టైల్స్ పగలగొట్టిస్తే ఇంకో నష్టం ఉంది. లోపం ఎక్కడుందో చూపే సాక్ష్యం చెత్తబండి ఎక్కుతుంది. "మీ మేస్త్రీ కొట్టినప్పుడే పైపు పగిలింది" అని బిల్డర్ అంటే జవాబు ఉండదు. మచ్చ మీద పుట్టీ పెట్టి రంగు వేయించడం ఇంకా చేటు. లీకు అలాగే ఉంటుంది, ఆనవాలు మాత్రం పోతుంది.

అందుకే ఎవరు కట్టాలన్న ప్రశ్నకంటే ముందు, నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తేలాలి. మచ్చ అన్ని కాలాల్లో, ఎవరూ స్నానం చేయని రోజుల్లో కూడా తడిగానే ఉంటే ట్యాంకు నుంచి వచ్చే సరఫరా పైపును అనుమానించాలి. స్నానాలయ్యాక పెరిగి, ఊరెళ్లి వచ్చేసరికి ఆరిపోతే నహానీ ట్రాప్, డ్రైనేజీ జాయింటు, గ్రౌటింగ్ చూడాలి. వానల్లోనే కనిపిస్తే బయటి గోడ పగుళ్లో, డాబాయో కారణం కావచ్చు. సొంత మీటర్ ఉన్న ఇంట్లో రాత్రి కుళాయిలన్నీ కట్టేసి రీడింగ్ రాసుకుని, తెల్లారి ఎవరూ నీళ్లు వాడకముందే మళ్లీ చూస్తే లీకు సంగతి బయటపడుతుంది. చాలా అపార్ట్‌మెంట్లలో ఇంటింటికీ మీటర్ ఉండదు. అక్కడ ప్లంబర్ ప్రెషర్ గేజ్ బిగించి, ముల్లు దిగుతోందా అని చూస్తాడు. ఫ్లష్ ట్యాంకులో కాస్త మిఠాయి రంగు కలిపి, ఫ్లష్ చేయకుండా పావుగంట ఆగితే కమోడ్‌లోకి రంగు దిగుతుందో లేదో తెలుస్తుంది. బాత్రూం నేల సంగతి తేలాలంటే ట్రాప్ మూసి, అంగుళం నీళ్లు 24 గంటలు నిలగట్టి, కింది ఫ్లాట్ సీలింగ్ చూడాలి. దీనికి పొరుగువారి సహకారం కావాలి. మచ్చ కింది ఇంట్లో, తప్పు పై ఇంట్లో ఉండటం మామూలే కాబట్టి, అసోసియేషన్ సమక్షంలో చేసే పరీక్ష ఎవరిదారిన వారు అరుచుకోవడం కన్నా నయం.

మిగతా హామీల మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. పైపుల, కుళాయిల కంపెనీలు ఇచ్చే వారంటీ సాధారణంగా తయారీ లోపానికే వర్తిస్తుంది. కొత్త ముక్క వచ్చినా పగలగొట్టిన టైల్స్ ఖర్చు, కూలీ మనవే. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష బీమా పాలసీలో ట్యాంకులు, పైపులు పగలడం, పొంగడం వల్ల కలిగే నష్టానికి రక్షణ ఉంది. నెలల తరబడి ఊరిన చెమ్మను ఆ మాటల్లో ఇరికించడం కష్టం. 500 చదరపు మీటర్లు మించని స్థలంలోనో, ఎనిమిది ఫ్లాట్లు మించకుండానో కట్టే చిన్న అపార్ట్‌మెంట్లకు రెరా రిజిస్ట్రేషనే అక్కర్లేదు. అలాంటిచోట కొనేవారు మరమ్మతు పూచీని అగ్రిమెంట్‌లోనే రాయించుకోవడం మేలు. వినియోగదారుల కమిషన్ తలుపు తట్టాలంటే వివాదం పుట్టిన రెండేళ్లలోపే వెళ్లాలి.

ఎవరు భరించాలన్న విషయంలో మొదటి వాదం సరైనది. ఎప్పుడు కదలాలన్న విషయంలో రెండోది సరైనది. మచ్చ కనిపించిన రోజే ఆ స్నానాల గదికి వచ్చే వాల్వ్ కట్టేయాలి. ఫొటోలు తీసి, తేదీ వేసి, బిల్డర్‌కు ఈమెయిల్‌లోనో రిజిస్టర్డ్ పోస్టులోనో రాయాలి. ఫోన్లో చెప్పామంటే కుదరదు. ఆయన మనిషి వచ్చి చూసేదాకా టైల్స్ జోలికి పోకూడదు. రాకపోతే, ఫలానా రోజు సొంత ఖర్చుతో బాగుచేయిస్తున్నాం, ఆ ఖర్చు మీ నుంచే రాబడతాం అని మళ్లీ రాసి, పని జరుగుతున్నంతసేపూ వీడియో తీయించాలి. ఐదేళ్లు ఇంక కొన్ని నెలల్లో నిండుతాయనగా ప్రతి బాత్రూంలోనూ ఒకసారి నీళ్లు నిలగట్టి చూసుకోవాలి. ఐదేళ్ల గడువు బిల్డర్‌కని అందరం అనుకుంటాం. చట్టం బిల్డర్‌కు ఇచ్చింది 30 రోజులే. ఆ ఐదేళ్లు లోపాన్ని కనిపెట్టి చెప్పడానికి మనకిచ్చిన గడువు.