బుట్టలో వేసేవాడే కాదు, ఆపేవాడూ ఆటగాడే



మన హాస్టళ్ళలో ఆటలంటే ఇష్టం లేనివారు అరుదు. కానీ బాస్కెట్‌బాల్ ఎంపికల మాట రాగానే చాలామంది ముందే వెనక్కి తగ్గుతారు. "అది పొడుగువాళ్ళ ఆట, మనకెందుకు?" అంటారు. ఎంపిక చేసే పెద్దలు కూడా తరచుగా రెండే చూస్తారు. ఎత్తు ఎంత? పది బంతులిస్తే ఎన్ని బుట్టలో వేశాడు? ఈ రెండు కొలతలతోనే జట్టును ఎంచడం సరికాదని, ముఖ్యంగా గార్డుల విషయంలో అది అన్యాయమని నా అభిప్రాయం.

జట్టులో ఐదుగురు ఆడతారు. వారిలో సాధారణంగా ఇద్దరు గార్డులు. బంతిని ముందుకు తెచ్చి ఆట నడిపేది వారే. ఎదుటి జట్టు బంతి తెచ్చేటప్పుడు మొదట ఎదురు నిలవవలసినదీ వారే. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఒక జట్టు 24 సెకన్లలోగా బంతిని బుట్టకు వేయాలి. అందులో మొదటి 8 సెకన్లలోపు మైదానం సగం దాటాలి. మన గార్డు చురుకైనవాడై, ఎదుటివాడిని 7 సెకన్ల దాకా నిలిపివేశాడనుకోండి. వారికి మిగిలేది 17 సెకన్లే. ఆ తొందరలో వేసే బంతి గురి తప్పడానికి అవకాశం ఎక్కువ. మన గార్డు బంతిని తాకకపోయినా జట్టుకు మేలు చేసినట్టే. కానీ ఈ పని ఏ స్కోరు పుస్తకంలోనూ కనబడదు.

కబడ్డీ ఆడే మనకు ఈ సంగతి కొత్త కాదు. కూతకు వెళ్ళి పాయింట్లు తెచ్చేవాడికి చప్పట్లు ఎక్కువ. కానీ కార్నర్‌లో కాచుకుని కాలు పట్టేవాడు లేకపోతే ఏ జట్టు గెలుస్తుంది? కబడ్డీలో ఒప్పుకున్న ఈ న్యాయాన్ని బాస్కెట్‌బాల్‌లో ఎందుకు మరచిపోవాలి?

డిఫెన్స్ అంటే ఒక్కడి బలం కాదు, ఐదుగురి కట్టుబాటు. ఒక పద్ధతిలో ఒక్కొక్కరు ఒక్కొక్కరిని కాస్తారు. ఇంకొక పద్ధతిలో మనిషిని కాక చోటును కాస్తారు. ముందు ఇద్దరు, వెనుక ముగ్గురు నిలబడే వ్యూహం అలాంటిదే. ఏ పద్ధతిలోనైనా ఒకరిని దాటుకుని ఎదుటివాడు లోపలికి వస్తే, పక్కవాడు వెంటనే ఆ చోటు నింపాలి. ధర్మవరం మగ్గాల ఇళ్ళ నుంచి వచ్చిన మిత్రులకు ఇది సులభంగా అర్థమవుతుంది. పడుగులో ఒక్క పోగు తెగినా నేతగాడు చూడనట్టు ముందుకు పోడు. ఆగి అతుకుతాడు. లేకుంటే ఆ లోపం చీరలో నిలిచిపోతుంది.

అమెరికా కళాశాలల పోటీల్లో ఇందుకు మంచి ఉదాహరణ ఉంది. వర్జీనియా విశ్వవిద్యాలయం జట్టు డిఫెన్స్‌కు పేరుపొందింది. బంతి ఉన్నవాడిని ఒకరు గట్టిగా అడ్డుకుంటే, మిగతా నలుగురూ బుట్టకు దగ్గరగా చేరి దారి మూసేవారు. 2018 మార్చిలో ఆ జట్టు మొదటి ర్యాంకులో ఉండి కూడా 16వ ర్యాంకు జట్టు చేతిలో 74-54 తేడాతో ఓడిపోయింది. పురుషుల జాతీయ పోటీల్లో అలా జరగడం అదే మొదటిసారి. ఎందరు ఎగతాళి చేసినా వారు తమ పద్ధతిని వదలలేదు. మరుసటి ఏడాది, 2019లో, జాతీయ విజేతలయ్యారు. ఆ జట్టులో బంతి తెచ్చేవారిని వెంటాడి అడ్డుకున్న గార్డు కిహై క్లార్క్ మొదటి సంవత్సరం విద్యార్థి. ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. ఆ ఆటలో అది పొట్టి కిందే లెక్క. అతనికంటే పొట్టివాడు మగ్సీ బోగ్స్. 5 అడుగుల 3 అంగుళాల ఎత్తుతో వేక్ ఫారెస్ట్ కళాశాల జట్టులో ఆడి, 1987 నుంచి 14 సీజన్లు అమెరికా వృత్తి పోటీల్లో నిలిచాడు. ఎదుటివారి చేతిలోంచి బంతి కాజేయడంలో దిట్ట. వారిని టేపుతో మాత్రమే కొలిచి ఉంటే ఇంటికి పంపేవారు కదా!

అంత దూరం ఎందుకు? మన సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. వారు మంచుకొండల దగ్గర పుట్టినవారు కారు. భువనగిరి బండమీద శిక్షణ మొదలుపెట్టినవారు. వారిలో ఏమి ఉన్నదని చూసి ఎంచుకున్నారు, ఏమి లేదని చూసి కాదు. ఎంపిక అంటే అలా ఉండాలి.

ఎత్తు అవసరం లేదని నేను అనడం లేదు. బుట్ట 10 అడుగుల ఎత్తున ఉంటుంది. దాని కింద పొడుగువాడు కావాలి. బుట్టలో వేసేవాడూ కావాలి. కానీ రెండు పాయింట్లు తేవడం ఎంత గొప్పో, రెండు పాయింట్లు పోకుండా ఆపడమూ అంతే గొప్ప. కనుక ఎంపికల రోజున ముగ్గురికి ముగ్గురు చొప్పున పది నిమిషాలు ఆడించాలి. ఎవరు ఎన్ని వేశారో రాసినట్టే, ఎవరు ఎన్నిసార్లు ఆపారో కూడా రాయాలి. దీనికి ఒక కాగితం, ఒక పెన్సిలు చాలు.

ఇది ఆటతో ముగిసే విషయం కాదు. పాఠశాల జట్టులో చోటు దొరికితే జిల్లా పోటీలు, ఆ తర్వాత కళాశాల జట్టు, విశ్వవిద్యాలయం జట్టు. ఆ సర్టిఫికెట్లతో క్రీడా కోటాలో సీటుకు ప్రయత్నించవచ్చు. ట్యూషన్లు లేని మనబోటివారికి అదొక తలుపు. ఆ తలుపు దగ్గర టేపు ఒక్కటే కాపలా ఉండకూడదు.

మిత్రులారా, మన వంతు పని కూడా ఉంది. బుట్టలో వేయడం నేర్చుకోవాలంటే బోర్డు కావాలి, మంచి బంతి కావాలి. డిఫెన్స్ నేర్చుకోవడానికి హాస్టల్ ఆవరణ చాలు. మోకాళ్ళు వంచి, చేతులు చాచి, పాదాలు ఒకదానికొకటి తగలకుండా పక్కకు జరగడం రోజూ ఉదయం చేయవచ్చు. ఎదుటివాడి కళ్ళను కాక నడుమును చూడటం అలవాటు చేసుకోవాలి. కళ్ళు మోసం చేస్తాయి, నడుము చేయలేదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలు దారి మీది ఊళ్ళు. మూడు ఊళ్ళ హాస్టళ్ళ జట్లు సెలవు రోజుల్లో ఒకరితో ఒకరు ఆడేలా వార్డెన్లు, వ్యాయామ ఉపాధ్యాయులు ఏర్పాటు చేస్తే ఎంతో మేలు.

విజయనగరం పాడైన తర్వాత రాజులు ఆశ్రయించినది పెనుకొండ కోటనే. గెలుపు కత్తి వల్లనే రాదు, గోడ వల్ల కూడా వస్తుంది. ఈసారి ఎంపికలకు పిలిచినప్పుడు పొట్టివాడినని వెనుక నిలబడకండి. ముందుకు వచ్చి, "నేను ఆపగలను సార్, చూడండి" అనండి.