అక్షరము తడబడు విద్యార్థి

మా యరుగు మీద సాయంకాలము చదువుకొన వచ్చు బాలురలో నొకడు విన్న పాఠమును పొల్లుపోక యప్పగించెడివాడు. వ్రాయుమన్నచో ‘ప’కు ‘వ’యు, ‘మ’కు ‘య’యు పెట్టి వత్తులు మఱచును. మొద్దని పంతులుగారితోపాటు మేమును కసరితిమి. అది మా తప్పు. నేడతడు చల్లపల్లి నుండి బందరు కళాశాలకు పోవుచున్నాడు. పరీక్ష లనగానే యన్నము ముట్టడని తల్లి కంట తడి పెట్టుచున్నది.

సోదరీమణులారా, ఇది సోమరితనము కాదు, బుద్ధిమాంద్యమును కాదు. డిస్లెక్సియా యందురు. చూపును వినికిడియు చక్కగ నున్నను, అక్షరమును ధ్వనితో కూర్చుట మెదడునకు కష్టమగును. ఇట్టి అభ్యసన వైకల్యములను 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమున చేర్చిరి. వైకల్యము 40 శాతమునకు తగ్గదని ధ్రువపత్ర మున్నవారికి పరీక్షలో గంటకు 20 నిమిషములైన హెచ్చు కాలము నీయవలెనని 2018లో కేంద్ర ప్రభుత్వము నిర్దేశించినది. అవసరమని వైద్యులు వ్రాసినచో వ్రాయసకాడును దొరకును. వ్రాయునపుడు చేయి కొంకరపోవు నొక అభ్యర్థికి, 40 శాతము లేకున్నను, 2021లో సుప్రీంకోర్టు వ్రాయసకాని ననుమతించినది.

ధ్రువపత్ర మనగానే యా తల్లి, “రేపు వీడికి పిల్లనెవరిస్తారమ్మా?” అన్నది. ఆ భయమును తీసివేయ మాకు చేతకాలేదు. కాని సెమిస్టరు పరీక్షలకు నెలయే యున్నది. సోమవారము ఆమె వెంట మేమును బందరు ఆసుపత్రికి పోవుచున్నాము.