మూడు పరుగుల వెలితి

చేతన్ చౌహాన్ పేరెత్తగానే క్రికెట్ తెలిసినవారు ముందుగా చెప్పేది ఆయన చేయలేకపోయిన దాని గురించే. 40 టెస్టులు, 2,084 పరుగులు, 16 అర్ధశతకాలు. సెంచరీ మాత్రం లేదు. టెస్టుల్లో రెండు వేల పరుగులు దాటి, ఒక్క శతకమైనా లేకుండా ఆట ముగించిన తొలి క్రికెటర్ ఆయనే. 2020 ఆగస్టులో కరోనా ఆయన్ను తీసుకుపోయినప్పుడు నివాళుల్లోనూ ఆ మాటే ముందుకొచ్చింది. మనసు చివుక్కుమనే విషయం.

1969లో బొంబాయి బ్రేబోర్న్ మైదానంలో న్యూజిలాండ్ మీద ఆడిన తొలి టెస్టు ఆయన్ను నిలబెట్టలేదు. 1973 తర్వాత దాదాపు ఐదేళ్లు జట్టులో చోటే దొరకలేదు. 1977 చివర్లో పెర్త్‌లో మళ్లీ అవకాశమొస్తే, ఎగిసిపడే బంతులకు ఎదురొడ్డి 88 చేశారు. అక్కడి నుంచి 1981 దాకా ఓపెనర్‌గా గవాస్కర్ పక్కన ఆయనే.

కొత్త బంతి గట్టిగా ఉంటుంది, మెరుస్తుంది, కడదాకా దారి మార్చుకుంటూనే ఉంటుంది. దాన్ని అరగదీసి, బౌలర్లను అలిసేలా చేసి, తర్వాత వచ్చే విశ్వనాథ్, వెంగ్‌సర్కార్‌లకు అప్పగించడం ఓపెనర్ పని. ఈ పనికి స్కోరుబోర్డులో విడిగా గడి లేదు. అయితే మన పత్రికల్లో స్కోరుబోర్డు అడుగున, చిన్న అక్షరాల్లో ‘వికెట్ల పతనం’ అని ఒక వరుస ఉంటుంది. చౌహాన్ విలువ తెలియాలంటే చదవాల్సింది దాన్నే.

1978 లాహోర్: 1-192, అంటే తొలి వికెట్ పడింది 192 దగ్గర. గవాస్కర్ 97, చౌహాన్ 93. 1979 ఓవల్: 1-213. నాలుగో ఇన్నింగ్స్‌లో 438 పరుగుల లక్ష్యం. గవాస్కర్ 221 గురించి ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటాం. అవతలి వైపు చౌహాన్ చేసిన 80 ఎందరికి గుర్తు? మన జట్టు 8 వికెట్లకు 429 దాకా వెళ్లి, తొమ్మిది పరుగుల దూరంలో డ్రాతో ఆగింది. ఆ పరుగుల వేటకు ధైర్యం వచ్చింది తొలి వికెట్ దగ్గరే.

1981 జనవరి, అడిలైడ్‌లో 97కు చేరారు. లిల్లీ బంతి బ్యాటు అంచును తాకి మార్ష్ చేతిలో పడింది. శతకానికి అంత దగ్గరగా ఆయన మరెప్పుడూ వెళ్లలేదు.

ఆ వెంటనే మెల్‌బోర్న్. తొలి ఇన్నింగ్స్‌లో 182 పరుగులు వెనకబడ్డాక ఈ జోడీ 165 జోడించింది. లిల్లీ బౌలింగ్‌లో ఎల్బీడబ్ల్యూ ఇచ్చిన తీర్పుకు కెప్టెన్ గవాస్కర్ ఆగ్రహించి, చౌహాన్‌ను కూడా వెంటబెట్టుకుని మైదానం వీడబోయారు. జట్టు మేనేజర్ షాహిద్ దుర్రానీ బౌండరీ దగ్గరికొచ్చి చౌహాన్‌ను ఆపకపోతే ఆ మ్యాచ్ ఏమయ్యేదో! కెప్టెన్ మాట ఒకవైపు, ఆట మరోవైపు. ఆ కలత మధ్యే చౌహాన్ వెనక్కి తిరిగి, మళ్లీ లిల్లీకి ఎదురు నిలబడ్డారు. 85 దగ్గర ఔటయ్యారు. ఆస్ట్రేలియాకు 143 లక్ష్యం. గాయంతోనే బంతి పట్టిన కపిల్ 5 వికెట్లు తీస్తే ఆ జట్టు 83కే కుప్పకూలింది. మన విజయగాథల్లో కపిల్ ఉంటారు, గవాస్కర్ కోపం ఉంటుంది. వెనక్కి నడిచి వెళ్లి ఆడిన మనిషికి కూడా అందులో పెద్ద చోటే దక్కాలి.

అదే ఏడాది న్యూజిలాండ్ పర్యటనతో చౌహాన్ టెస్టు జీవితం ముగిసింది. అప్పటికి ఆయనా గవాస్కరూ తొలి వికెట్‌కు మూడు వేలకు పైగా పరుగులు, పది శతక భాగస్వామ్యాలు కూడబెట్టారు. ఆ తర్వాత గవాస్కర్ పక్కన ఎందరో వచ్చారు, వెళ్లారు. ఆ మొత్తాన్ని దాటే మరో భారత ఓపెనింగ్ జోడీ కోసం సెహ్వాగ్, గంభీర్‌ల కాలం దాకా ఎదురుచూడాల్సి వచ్చింది.