హజ్‌కు పోయేవారికి తెలుగులో చెప్పేవారేరి?

చందూర్, వర్ని, బోధన్ ప్రాంతాల పల్లెల నుంచి హజ్ యాత్రకు పోయేవారిలో వయసు మళ్లిన రైతు దంపతులు ఉంటారు. చెరకు బిల్లు చూసుకుని పెద్ద ఖర్చులకు లెక్కలు వేసుకున్న ప్రాంతమిది. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక వరి మీదనే సర్వం. హజ్ కమిటీ ద్వారా వెళ్లినా మనిషికి మూడు లక్షల రూపాయలు దాటుతున్న ఈ రోజుల్లో, ఇంత కష్టపడి కూడబెట్టి పోయేవారికి యాత్రలో మొట్టమొదటి మెట్టు గురించి అర్థమయ్యే భాషలో చెప్పే ఏర్పాటు సరిగా లేకపోవడం విచారకరం.

ఆ మొదటి మెట్టు ఇహ్రాం. ఆ మాట వినగానే మగవారు కట్టుకునే రెండు తెల్లని, కుట్టని బట్టలే మనకు గుర్తుకొస్తాయి. బజారులో అడిగినా ఆ పేరుతోనే ఇస్తారు. నిజానికి ఇహ్రాం అనేది బట్ట పేరు కాదు, ఒక స్థితి. మాల మెడలో పడినంతనే దీక్ష కాదని, సంకల్పం ఉండాలని హిందూ సోదరులు అనుకునేదీ ఇంచుమించు ఇటువంటిదే. మనసులో నియ్యత్ చేసుకుని, నోట ‘లబ్బైక్ అల్లాహుమ్మ లబ్బైక్’ అని తల్బియా పలికినప్పుడే మనిషి ఇహ్రాంలో ప్రవేశిస్తాడని హనఫీ పద్ధతి చెబుతుంది. బట్ట కట్టి నియ్యత్ చేయనివాడు ఇహ్రాంలో లేనట్టే. నియ్యత్ చేసినవాడు మాసిన బట్ట మార్చి మరో జత కట్టుకున్నా ఇహ్రాం పోదు. ఇది తెలియక, చెమటకు తడిసి ముద్దయినా బట్ట విప్పడానికి జంకే వృద్ధులు ఉన్నారు.

ఇక ఎప్పుడు నియ్యత్ చేయాలి? ఇక్కడే అసలు చిక్కు. మక్కాకు నలువైపులా మీఖాత్ అనే హద్దులు ఉన్నాయి. హజ్‌కో ఉమ్రాకో పోయేవారు ఇహ్రాం లేకుండా వాటిని దాటరాదు. దాటితే వెనక్కి వచ్చి ఇహ్రాం చేసుకోవాలి, లేదా దమ్ కింద మేకనో గొర్రెనో బలి ఇవ్వాలి. వెనుక బొంబాయి నుంచి ఓడలో పోయే రోజుల్లో యలమ్లం హద్దు వచ్చేసరికి ఎన్నో రోజుల వ్యవధి ఉండేది. తెలియనివారు పక్కవారిని అడిగి నేర్చుకునేవారు. ఆ ఓడలు 1995తో ఆగిపోయాయి. విమానం నిమిషానికి పది కిలోమీటర్లకు పైగా పోతుంది. హద్దు రాబోతున్నదని మైకులో చెప్పే మాట నిద్రలో ఉన్న ముసలాయనకు వినిపించకపోవచ్చు, వినిపించినా అర్థం కాకపోవచ్చు. కళ్లు తెరిచేసరికి జెడ్డా!

అట్లాగని ఇంటి దగ్గరే నియ్యత్ చేసి బయలుదేరడమూ తెలివి కాదు. ముందుగా చేస్తే తప్పు లేదు గాని, విమానం ఆలస్యమైతే నియమాలన్నీ నెత్తిన మోస్తూ కూర్చోవాలి. అత్తరు పూయరాదు, గోళ్లు తీయరాదు, మగవారు తల కప్పరాదు. నాంపల్లి హజ్ హౌస్‌లోనో శంషాబాద్‌లోనో స్నానం చేసి బట్టలు కట్టుకుని, విమానం లేచాక నియ్యత్ చేయడమే క్షేమం. బట్టలు చేతి సంచిలోనే ఉండాలి సుమా, పెద్ద పెట్టెలో వేసి పంపితే చేసేదేమీ లేదు. ముందు మదీనాకు పోయేవారికి ఈ తొందరే లేదు. వారు తర్వాత మక్కాకు బయలుదేరినప్పుడు జుల్ హులైఫా దగ్గర ఇహ్రాం చేసుకుంటారు. తమ విమానం ఎటు పోతుందో యాత్రికుడు ముందే కనుక్కోవాలి.

దేనికి నియ్యత్ అనేదీ తెలియాలి. మనవారిలో అధికులు చేసేది తమత్తు. ముందు ఉమ్రాకు నియ్యత్. ఉమ్రా ముగించి వెంట్రుకలు తీయించుకుని ఇహ్రాం నుంచి బయటపడతారు. జిల్‌హజ్ 8వ తేదీన మక్కాలోనే హజ్‌కు మరో నియ్యత్. విమానంలోనే హజ్ నియ్యత్ ఒక్కటే చేసేస్తే అది ఇఫ్రాద్ అనే వేరే రకమవుతుంది, అప్పుడు హజ్ ముగిసేదాకా ఇహ్రాం విడవడానికి లేదు.

ఆడవారి సంగతి మరీ అన్యాయం. వారికి తెల్లబట్టల నియమమే లేదు. మామూలు దుస్తులు చాలు, ముఖానికి బట్ట తగలకూడదు. నెలసరి వస్తే ఇహ్రాం పనికిరాదని భయపడి, ఎవరినీ అడగలేక కుమిలిపోయేవారున్నారు. క్రీ.శ. 632లో ప్రవక్త హజ్‌కు బయలుదేరినప్పుడు జుల్ హులైఫా వద్దనే అస్మా బిన్త్ ఉమైస్ ప్రసవించారు. స్నానం చేసి ఇహ్రాంలో ప్రవేశించమనే ప్రవక్త ఆమెకు చెప్పారు. ఆ స్థితిలో ఆగవలసింది కాబా చుట్టూ తిరిగే తవాఫ్ ఒక్కటే. ఈ మాట చెప్పడానికి శిబిరాల్లో ఆడ శిక్షకులు ఉండాలి.

శిక్షణ శిబిరాలు జరగడం లేదని కాదు. జరిగేవి పట్టణాల్లో, ఎక్కువగా ఉర్దూలో. మన పల్లెల ముస్లిం ఇళ్లలో ఉర్దూ మాట్లాడతారు కదా అనవచ్చు. మాట్లాడటం వేరు, కితాబు చదవడం వేరు. తెలుగు బడుల్లో చదివినవారిలో చాలామందికి ఉర్దూ లిపి రాదు. దూదేకుల కుటుంబాల్లో ఇంటి భాషే తెలుగు. నియ్యత్ మనసులోది, తెలుగులో అనుకున్నా చెల్లుతుందని వారికి చెప్పే నాథుడు లేడు.

విందులకు, ఫ్లెక్సీలకు, ఊరేగింపులకు మాత్రం కొదవ లేదు. కర్మలకు విలువ నియ్యత్‌ను బట్టేనని చెప్పే హదీసుతోనే బుఖారీ గ్రంథం మొదలవుతుంది. అప్పు తెచ్చి విందు చేసేవారు ఆ సంగతి ఆలోచించుకోవాలి.

హజ్ కమిటీవారు బోధన్, వర్ని, చందూర్‌లలో ఒక్కొక్క రోజైనా తెలుగులో శిబిరం పెట్టాలి. అప్పటిదాకా మసీదు కమిటీలు ఊరుకోనక్కరలేదు. విమానాలకు నెల ముందు, శుక్రవారం నమాజు తర్వాత వెళ్లేవారిని కూర్చోబెట్టి, తువ్వాళ్లతోనైనా సరే కట్టించి చూపాలి. ఎప్పుడు నియ్యత్ చేయాలో ఒక చీటీ మీద తెలుగులో రాసి చేతికివ్వాలి.