కళ్ళు రెండూ వదిలేసి ఎక్కడైనా కొట్టండి సార్!

ఈమధ్య నలుగురు తెలుగు సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఒకచోట చేరితే చాలు, ఛాయ్ సగం అయ్యేలోపు మాట బడి మీదకి పోతోంది. "మన రోజుల్లో సార్ కొడితే ఇంట్లో చెప్పుకునేవాళ్ళం కాదు. చెప్తే నాన్న ఇంకో రెండు తగిలించేవాడు. అందుకే మనం ఇలా ఉన్నాం" అని ఒకడు మొదలుపెడతాడు. రెండోవాడు గోడకుర్చీ, మూడోవాడు గుంజీళ్ళు, ఇంకొకడు తొడపాశం... అలా ఎవరి ఘనకార్యాలు వాళ్ళు చెప్పుకున్నాక, బెత్తం పోవడం వల్లే పిల్లలు చెడిపోయారని ఏకగ్రీవంగా తీర్మానం చేసేసి, బిల్లు కట్టి లేస్తారు.

నాకు ఈ తీర్మానంతో పేచీ ఉంది. దానికి కారణం మా అక్క.

మా అక్క ప్రైమరీ స్కూల్ టీచర్. డీఎస్సీ రాసి ఎస్జీటీగా చేరి ఇరవయ్యేళ్ళు దాటింది. మొదట ఎల్లారెడ్డి అవతల ఒక తండా బడి, తర్వాత ఎల్లారెడ్డికి దగ్గర్లోనే ఇంకో ఊరు, ఇప్పుడు కామారెడ్డి టౌన్. (ఆమె చేరినప్పుడు అదంతా నిజామాబాద్ జిల్లా. 2016 అక్టోబర్ 11న కామారెడ్డి జిల్లా అయ్యింది.) వారానికి రెండుసార్లు ఫోన్ చేస్తుంది. ఐదు నిమిషాలు మా యోగక్షేమాలు, నలభై నిమిషాలు బడి. కాబట్టి నేను చెప్పేదంతా విన్నదే, కాకపోతే చాలా ఏళ్ళుగా విన్నది.

2025 మార్చిలో విజయనగరం జిల్లా బొబ్బిలి మండలం పెంట ఊళ్ళో జిల్లా పరిషత్ హైస్కూల్ హెడ్మాస్టర్ గారు పిల్లల ముందు సాష్టాంగ పడి, తనే గుంజీళ్ళు తీసిన వీడియో మీరంతా చూసే ఉంటారు. పిల్లలకి చదువు రావట్లేదు, మేమేమో ఏమీ అనలేని పరిస్థితి అన్నది ఆయన బాధ. మంత్రి లోకేష్ కూడా ఆయన్ని మెచ్చుకున్నారు. మన వాళ్ళు వీడియో కింద కన్నీళ్ళ బొమ్మలు పెట్టి, "టీచర్ల చేతికి మళ్ళీ బెత్తం ఇవ్వాలి" అని రాసి పంచుకున్నారు. నేను మా అక్కకి పంపిస్తే ఆమె ఒక్కటే అడిగింది. "పాపం పెద్దాయన అంత చేసిండు కదరా, తెల్లారి ఎంతమంది తల్లిదండ్రులు బడికొచ్చిన్రో ఎవరన్న అడిగిన్రా?"

ఎవరూ అడగలేదు. నేను కూడా ఎక్కడా చదవలేదు.

ముందు బెత్తం సంగతి చూద్దాం. చాలామంది ఇది 2010లో విద్యాహక్కు చట్టంతో పోయిందనుకుంటారు. మన రాష్ట్రంలో అంతకు ముందే, 2002లోనే నిషేధించారు. తర్వాత 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టంలో 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. మరి కాగితం మీద పోయినంత మాత్రాన బడిలో పోయిందా? 2007లో కేంద్ర ప్రభుత్వం 13 రాష్ట్రాల్లో (అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి) చేయించిన అధ్యయనంలో బడికెళ్ళే పిల్లల్లో ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తింటున్నామనే చెప్పారు. అంటే "బెత్తం పోయాక చెడిపోయారు" అని మనం అనే పిల్లల్లో చాలామంది శుభ్రంగా దెబ్బలు తింటూనే పెరిగారు!

ఇక "దెబ్బలు తిన్నాం కాబట్టే ఇలా ఉన్నాం" అన్న మాట. రోజూ డేటాతో పని చేసేవాళ్ళం, శాంపుల్ గురించి మనకి ఇంకొకరు చెప్పాలా? మూడో తరగతిలో నా పక్కన కూర్చునేవాడు ఒకడుండేవాడు. ఎక్కాలు రావట్లేదని వరసగా నాలుగు రోజులు ఈత బర్రతో తిన్నాడు. ఐదో రోజు గోడ దూకి పోయాడు, మళ్ళీ రాలేదు. కొన్నాళ్ళు బర్రెలు కాశాడు, తర్వాత దుబాయ్ పోయాడు. దెబ్బల వల్ల బాగుపడ్డామని చెప్పేవాళ్ళంతా ఛాయ్ బల్ల దగ్గర ఉన్నారు. దెబ్బల వల్ల పోయినవాడు ఆ బల్ల దగ్గర లేడు. ఇంక లెక్క ఎలా తేలుతుంది?

(టెక్సాస్‌లో ఉంటూ మన బడుల్లో బెత్తం కావాలనే మిత్రులకి ఒక ముక్క. మీ రాష్ట్రంలో చట్టం ఇప్పటికీ దెబ్బలకి ఒప్పుకుంటుంది. స్కూల్ డిస్ట్రిక్ట్ నియమాల్లో గనక ఉంటే, మా పిల్లవాణ్ణి కొట్టొద్దని తల్లిదండ్రులు రాసివ్వాలి. అలా కొట్టే డిస్ట్రిక్ట్ వెతుక్కుని ఇల్లు కొన్నవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు.)

అయితే మా అక్క బాధ బెత్తం గురించి కాదు. తల్లిదండ్రుల గురించి.

ఆమె చెప్పేదాన్ని బట్టి బడికొచ్చే తండ్రులు రెండు రకాలు. మొదటి రకం మనందరికీ తెలిసిందే. జూన్‌లో పిల్లవాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, "టీచరమ్మా, కండ్లు రెండు ఇడిచిపెట్టి యాడనన్న కొట్టుండ్రి, మేమేం అడుగం" అని అప్పజెప్పి పోయేవాడు. మళ్ళీ టీసీ కోసం తప్ప కనబడడు. రెండో రకం, పిల్లవాణ్ణి ఒక్క మాట అంటే నలుగురిని వెంటేసుకుని గొడవకొచ్చేవాడు. మొదటివాడు పాతకాలం మనిషి, రెండోవాడు కొత్తకాలం మనిషి అని మనం అనుకుంటాం. కానీ అక్క చెప్పిన ఒక సంగతి వినండి.

కామారెడ్డి బడిలో మూడో తరగతి పిల్లవాడు. బాగా చెక్కిన పెన్సిల్‌తో పక్కవాడి అరచేతిలో పొడిచాడు. రక్తం. అది మొదటిసారి కూడా కాదు. అక్క వాణ్ణి కొట్టలేదు, తిట్టలేదు. రెండు రోజులు తన కుర్చీ పక్కన కూర్చోబెట్టుకుంది, అంతే. మూడో రోజు ప్రార్థన అయ్యీ అవ్వకముందే వాళ్ళ నాన్న రెండు బండ్ల మీద మనుషులతో దిగాడు. ఒకడి చేతిలో ఫోన్, వీడియో ఆన్. "మా పోరన్ని అందరి ముంగట వేరే కూసోవెట్టి ఇజ్జత్ తీస్తరా?" అని. అక్క పొడిపించుకున్న పిల్లవాణ్ణి పిలిచి చెయ్యి చూపించింది. ఆ చేతిని మాత్రం వీడియో తీయలేదట! వాళ్ళు వెళ్ళాక తోటి టీచర్లు ఇచ్చిన సలహా ఏంటంటే, "ఎందుకు మేడం మీకు, చూసీ చూడనట్టు పొండి".

నెల తర్వాత అదే తండ్రి ఒక్కడే వచ్చాడు. తల గోక్కుంటూ, "మేడం, ఇంట్ల ఫోన్ ఇడుస్తలేడు. అడిగితే వాళ్ళమ్మను కొడుతుండు. మీరే జర గట్టిగ భయం పెట్టుండ్రి".

చూశారా? రెండు రకాలు కాదు, ఒక్కడే! గొడవకొచ్చిన రోజైనా, భయం పెట్టమని బతిమాలిన రోజైనా ఆయన చెప్పింది ఒకటే. వాణ్ణి చూసుకోవడం మీ పని, నా పని కాదు. బెత్తం కావాలనడం కూడా నా దృష్టిలో ఇదే బాపతు. మనం చేయాల్సిన పనిని ఒక కర్రకి అప్పజెప్పి చేతులు దులుపుకోవడం.

అసలు అల్లరి అంటే ఏంటో కూడా అక్క చెప్తే గానీ నాకు తెలియలేదు. మొదటి పోస్టింగ్ తండాలో పిల్లలు పదకొండయ్యేసరికి చెప్పినమాట వినేవాళ్ళు కాదట. గోల, తన్నుకోవడం, బయటికి పరిగెత్తడం. ఇంట్లో వాళ్ళు మాట్లాడేది లంబాడీ, పుస్తకం తెలుగు. అమ్మని యాడి అనే పిల్లకి ఈ టీచరమ్మ రోజంతా ఏం మాట్లాడుతోందో సగం అర్థం కాదు. పైగా చాలామంది పొద్దున ఏమీ తినకుండా వచ్చేవాళ్ళు. అమ్మానాన్నలు కూలికి వేరే ఊరు పోతే ముసలమ్మ దగ్గర ఉండే పిల్లలు. 2003 జనవరిలో బడిలో మధ్యాహ్న భోజనం మొదలైంది. అన్నం వాసన రావడం మొదలయ్యాక పదకొండు గంటల గోల సగానికి సగం తగ్గిపోయిందట. పరుగులు ఆగిపోయాయి, ఎటూ పోతే అన్నం పోతుంది కదా! ఇంకో పావువంతు గోల, అక్క వాళ్ళ మాటలు ఓ యాభై నేర్చుకున్నాక తగ్గింది. మిగతాది మామూలు పిల్లల అల్లరి, అది ఉండాల్సిందే.

ఇది చేయడానికి టీచర్‌కి టైమ్ కావాలి. చట్టం ప్రకారం ప్రైమరీ బడిలో 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు. తరగతులేమో ఐదు. ఒకరికి ట్రైనింగో, ఎలక్షన్ డ్యూటీయో, జ్వరమో వస్తే ఐదు తరగతులూ ఒక్కరికే. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తూ ఐదో తరగతికి భాగహారాలు చెప్పాలి. ఇంతలో మూడో తరగతిలో పెన్సిల్ గుచ్చాడు! 2022లో తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లీష్ మీడియం వచ్చింది, ఆ బరువు కూడా వీళ్ళ మీదే. మన దగ్గర ఒక్కడికి ఐదు ప్రాజెక్టులు అప్పజెప్పి, ఏదీ ఆగకూడదు అంటే ఏమంటాం? వారం తిరక్కుండా రెజ్యూమె అప్‌డేట్ చేస్తాం. వీళ్ళు అలా పోలేరు. ఒకప్పుడు ఈ కొరతని బెత్తం కప్పిపెట్టింది. నలభై మందిని ఐదు నిమిషాల్లో నోరు మూయించడానికి అంతకంటే చవకైన పనిముట్టు లేదు. దాన్ని తీసేయడం నూటికి నూరుపాళ్ళు న్యాయం. కానీ తీసేసిన చోట మనిషిని పెట్టాలి కదా, అది పెట్టలేదు.

తల్లిదండ్రుల వైపు కూడా అంతే. ఆ చట్టంలో టీచర్ తల్లిదండ్రులతో తరచూ సమావేశమవ్వాలని 24వ సెక్షన్‌లో ఉంది. తల్లిదండ్రుల బాధ్యత అని 10వ సెక్షన్‌లో ఉన్నది మాత్రం ఒక్కటే, పిల్లల్ని బడిలో చేర్పించడం. అలాగని రానివాళ్ళకి జరిమానా వెయ్యాలని నేననను. మా వైపు ఆడవాళ్ళలో చాలామంది బీడీలు చుడతారు. వెయ్యి బీడీలకి ఇంత అని లెక్క. మధ్యాహ్నం మీటింగ్‌కి రమ్మంటే ఆ పూట చుట్టాల్సిన బీడీలు పోయినట్టే, ఎవరొస్తారు? అందుకని అక్క ఎల్లారెడ్డి దగ్గర ఊళ్ళో ఉన్నప్పుడు తనే సాయంత్రం బీడీలు అప్పజెప్పే చోటికి పోయేది. అక్కడ చేతిలో బీడీల కట్టలతో ముప్పై మంది తల్లులు వరసలో నిలబడి ఉంటారు. ఏ మీటింగ్‌కీ అంతమంది రాలేదట ఇప్పటిదాకా!

ఆ ఊళ్ళోనే ఒక పిల్లవాడు, నాలుగో తరగతి. తండ్రి మస్కట్‌లో. వీడు ఎవరి మాటా వినడు, అమ్మ చెప్తే అసలే వినడు. గల్ఫ్‌లో శుక్రవారం సెలవు కాబట్టి తండ్రి ఆ రోజు ఇంటికి ఫోన్ చేస్తాడని తెలిసి, అక్క ఒక శుక్రవారం సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి కూర్చుంది. ఫోన్ రాగానే, "అన్నా, మీరు తిట్టొద్దు. ఈ వారం వాడు నోట్‌బుక్‌ల ఏం రాసిండో అడుగుండ్రి, వాడే చదివి వినిపిస్తడు" అంది. ఆయన మొదటి వారం తిట్టే తిట్టాడు, అలవాటు కదా. నాలుగైదు వారాలకి అడగడం వచ్చింది. పిల్లవాడు గురువారం రోజు తనే కూర్చుని ఏదో ఒకటి రాసుకోవడం మొదలుపెట్టాడు, రేపు నాన్నకి చదవాలి కదా అని. పూర్తిగా మారిపోయాడని చెప్పను, తర్వాత కూడా కిటికీ అద్దం పగలగొట్టాడు. కానీ బడి మానలేదు. ఎడారిలో పని చేసుకునే మనిషి వారానికి పది నిమిషాలు ఇస్తే ఇంత జరిగింది.

ఇప్పుడు మన సంగతికొద్దాం. మనం బీడీలు చుట్టం, మస్కట్‌లో లేము. మన పిల్లల స్కూళ్ళకి యాప్ ఉంది, వాట్సాప్ గ్రూప్ ఉంది. రాత్రి పదిన్నరకి "మేడం, మా బాబు వాటర్ బాటిల్ ఎక్కడ?" అని మెసేజ్ పెడతాం. పది నిమిషాల్లో జవాబు రాకపోతే ప్రశ్నార్థకం పెడతాం, తెల్లారి ప్రిన్సిపాల్‌కి మెయిల్ కొడతాం. ఫీజు కట్టాం కాబట్టి టీచర్ మనకి వెండర్, పిల్లవాడి అల్లరి ఒక టికెట్, అది వాళ్ళు క్లోజ్ చేయాలి. నోరు కాస్త మెత్తగా ఉంటుందేమో గానీ, రెండు బండ్ల మీద వచ్చినాయన కంటే మనం చేసేది పెద్ద తేడా ఏం కాదు. వారానికి ఒక సాయంత్రం ఫోన్ పక్కన పెట్టి, ఈ వారం ఏం రాశావురా అని అడిగేవాళ్ళం మనలో ఎంతమందిమి?

రిలీజ్ ఉందని పేరెంట్ మీటింగ్ ఎగ్గొట్టే మిత్రులు నాకు బోలెడుమంది. రిలీజ్‌కి రోల్‌బ్యాక్ ఉంటుంది, మూడో తరగతికి ఉండదు. సగం రోజు సెలవు పెట్టి పోండి. పోయినప్పుడు మార్కులు మాత్రమే అడిగి రాకండి. మీవాడు పక్కవాడితో ఎలా ఉంటున్నాడో అడగండి. ఆ టీచర్ దగ్గర ఎంతమంది పిల్లలున్నారో కూడా అడగండి. దసరాకి ఊరెళ్ళినప్పుడు మీరు చదివిన బడికీ ఒకసారి పోయి అదే ప్రశ్న అడగండి. ఇద్దరు టీచర్లే ఉంటే మూడో మనిషి కోసం ఎంఈఓ ఆఫీసులో ఒక కాగితం పెట్టడానికి, ఊళ్ళో ఎవరైనా డిగ్రీ పిల్లని పెడితే నెలకింత జీతం మనమే పంపడానికి మన బ్యాచ్‌లో పదిమంది చాలు.

మా బ్యాచ్ వాళ్ళని అడిగాను. బెత్తం మళ్ళీ రావాలని మొన్న పెద్ద వ్యాసం రాసినవాడు ఇంకా జవాబివ్వలేదు. మిగతా ఆరుగురు సరేనన్నారు.