బూస్టర్ కొడితే ఏం పెరుగుతుంది?

పై వీడియోలో నా మిరప చేను చూశారు కదా. పోయినేడు పూత రాలుతుంటే దుకాణంలో ఒక 'బూస్టర్' సీసా అంటగట్టారు. రెండుసార్లు కొట్టాను. చెట్టు ఏపుగా పెరిగింది, ఆకు నల్లగా వచ్చింది. పూత మాత్రం నిలబడలేదు. సీసా అబద్ధం చెప్పలేదండీ! పెరుగుతుందంది, ఏది పెరుగుతుందో చెప్పలేదు.

మన మాటలు అలా కాదు. దుబ్బు కట్టింది, పూత నిలిచింది, కాయ ఊరింది, గింజ పాలు పోసుకుంది అంటాం. ఏం జరిగిందో మాటలోనే తెలుస్తుంది. బూస్ట్, మ్యాక్స్, ప్లస్, సూపర్... వీటిలో పంట ఎక్కడుంది? ఆ మాటకొస్తే ఏపు కూడా దిగుబడి కాదు. యూరియా ఎక్కువై ఏపుకొచ్చిన వరి గాలికి పడిపోవడం మనం చూసిందే.

ఇంగ్లీషు మాటలన్నీ దండగని కాదు. శ్రీ వరి పేరులోని 'ఐ' అంటే ఇంటెన్సిఫికేషన్. అక్కడ చేసేది చూడండి: ఎకరానికి 2 కిలోల విత్తనం, కుదురుకు ఒక్క మొక్క, నీళ్ళు తక్కువ. తగ్గించి పెంచడం!

మొన్న మళ్ళీ బూస్టర్ చూపిస్తే, "ఏది పెరుగుతుంది, ఎన్నాళ్ళకి?" అని అడిగాను. అతను సీసా తీసి అరలో పెట్టేశాడు.