గాయపడ్డ కుర్రాడితో ‘ఇంకో ఏడాది ఆగు’ అనకండి

2019 నవంబరు 16న మిసిసిపీ రాష్ట్రంలోని స్టార్క్‌విల్ మైదానంలో అలబామా విశ్వవిద్యాలయం జట్టు 35–7తో ముందంజలో ఉంది. సగం ఆట ముగియడానికి దాదాపు మూడు నిమిషాలే మిగిలింది. బంతి విసిరి జట్టు దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ టువా టాగోవైలోవా కుడి చీలమండకు సర్జరీ జరిగి నెల కూడా కాలేదు. గెలుపు ఖాయమైపోయిన ఆటలో అతన్ని బయటికి పిలిచేస్తే సరిపోయేది. కానీ విరామానికి ముందు మరొక్క విడత ఆడనిద్దామని కోచ్ నిక్ సేబన్ అనుకున్నాడు. ఇద్దరు ప్రత్యర్థులు టువా మీద పడ్డారు. కుడి తుంటి కీలు జారింది, దాని గిన్నె వెనక గోడ విరిగింది, ముక్కు పగిలింది. హెలికాప్టర్‌లో బర్మింగ్‌హామ్ తీసుకెళ్లారు. రెండు రోజుల తర్వాత హ్యూస్టన్‌లో సర్జరీ చేశారు.

అప్పుడతనికి ఇరవై ఒక్కేళ్లు. కొన్ని వారాల్లోనే జవాబు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటి అతని ముందుంది. కాలేజీలో నాలుగో ఏడాది ఆడాలా, ఊతకర్రలతోనే వృత్తి ఆటగాళ్ల ఎంపికకు పేరు ఇచ్చేయాలా?

ఇక్కడ మాట్లాడుతున్నది మనం చూసే ఫుట్‌బాల్ గురించి కాదు. కోలబంతిని చేతబట్టి, హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు ఢీకొట్టే అమెరికన్ ఫుట్‌బాల్ గురించి. అందులో వృత్తి స్థాయి అంటే ప్రధానంగా ఎన్‌ఎఫ్‌ఎల్. హైస్కూలు ముగిసి మూడేళ్లు నిండనిదే ఎన్‌ఎఫ్‌ఎల్ క్లబ్బులు ఎవరినీ తీసుకోవు. ఆ మూడేళ్లు ఒంటిని సానబెట్టుకోవడానికి కాలేజీ ఆట తప్ప చెప్పుకోదగ్గ దారి లేదు. మారిస్ క్లారెట్ అనే ఆటగాడు ఈ నిబంధనపై కోర్టుకెక్కి 2004లో కింది కోర్టులో గెలిచాడు, అప్పీలులో ఓడిపోయాడు. ఆ అప్పీలు తీర్పు రాసిన సోనియా సోటోమేయర్ తర్వాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. ఫలితంగా, ఒంటికి అంతే ప్రమాదం ఉన్న మూడేళ్లు కుర్రాడు స్కాలర్‌షిప్పు మీదే ఆడాల్సి వచ్చేది. టువా ఆడిన రోజుల్లో సొంత పేరు మీద వ్యాపార ప్రకటనలో కనిపించి డబ్బు తీసుకోవడం కూడా నిషిద్ధమే. అదే జట్టు కోచ్‌కు అప్పట్లో ఏటా 80 లక్షల డాలర్లకు పైగా జీతం.

గాయపడ్డ ఆటగాడికి ఇలాంటి వేళ అందరూ ఇచ్చే సలహా ఒకటుంది. ‘తొందరపడకు, ఇంకో ఏడాది ఆగు. నయం చేసుకో, మళ్లీ ఆడి చూపించు, నీ ధర నీకొస్తుంది.’ చెప్పేవాళ్లలో కోచ్‌లుంటారు, అభిమానులుంటారు, అతని మేలు కోరే పెద్దలూ ఉంటారు. వినడానికి ముందుచూపులా అనిపించే ఈ సలహా చాలా సందర్భాల్లో తప్పని నా అభిప్రాయం. ఎముక అతుక్కోవడానికి పట్టే కాలం కాలేజీలో ఉన్నా పట్టేదే, క్లబ్బులో ఉన్నా పట్టేదే. ‘ఆడి చూపించడం’ అంటే అదే ఒంటిని, అదే కీలుని వృత్తి ఒప్పందం లేకుండా మరో డజను మ్యాచ్‌లకు పణంగా పెట్టడం. క్లబ్బు ఎంచుకుని సంతకం చేయించుకుంటే కోలుకునే కాలంలోని నష్టభయం క్లబ్బుది అవుతుంది. కాలేజీలోనే ఉండిపోతే అదంతా అతని నెత్తినే.

టువా 2020 జనవరి 6న వెళ్లిపోతున్నట్టు ప్రకటించాడు. అది గుడ్డి సాహసం కాదు. తుంటి కీలు జారితే డాక్టర్లు మొదట భయపడేది నొప్పి గురించి కాదు, నెత్తురు గురించి. తొడ ఎముక తలకు నెత్తురు మోసే సన్నటి నాళాలు నలిగిపోతే, ఆ ఎముక తల నెలల తరబడి లోలోపలే చచ్చిపోతూ వస్తుంది. 1991 జనవరిలో బో జాక్సన్ అనే మహా ఆటగాడికి జరిగింది అదే. మళ్లీ ఫుట్‌బాల్ ఆడలేదు, కృత్రిమ తుంటి పెట్టించుకోవాల్సి వచ్చింది. ఇలాంటి గాయంలో కీలును గంటల వ్యవధిలోనే యథాస్థానంలో కూర్చోబెట్టడం కీలకం. టువాకు ఆ పని మైదానం దగ్గరే జరిగింది. తర్వాతి వారాల స్కానింగుల్లో ఎముక చచ్చిపోతున్న జాడ కనిపించలేదు. ఆ స్కానింగులు చేతిలో పెట్టుకుని తీసుకున్న నిర్ణయమది. ఏప్రిల్‌లో క్లబ్బులు వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకున్నప్పుడు మయామీ డాల్ఫిన్స్ క్లబ్బు అతన్ని ఐదో స్థానంలో ఎంచుకుంది. నాలుగేళ్లకు సుమారు మూడు కోట్ల డాలర్లు, పూర్తి హామీతో. మొదటి మ్యాచ్ నుంచే ఆడాలని క్లబ్బు తొందరపెట్టలేదు. నవంబరు దాకా మరో క్వార్టర్‌బ్యాక్‌తో నెట్టుకొచ్చింది. ఆ తీరికను ఏ కాలేజీ కోచూ ఇవ్వడు, ఇవ్వలేడు కూడా. అతని ఉద్యోగం వచ్చే శనివారం మ్యాచ్ ఫలితం మీద ఆధారపడి ఉంటుంది.

అయితే గాయానికి ధర ఉండదని కాదు. 2016 జనవరి 1న అరిజోనాలో జరిగిన ఫియెస్టా బౌల్ కాలేజీ మ్యాచ్ చూడండి. నోటర్‌డేమ్ విశ్వవిద్యాలయం తరఫున జేలన్ స్మిత్ ఆడాడు. ఆ ఏడాది దేశంలోకెల్లా గొప్ప లైన్‌బ్యాకర్లలో (రక్షణ ఆటగాళ్లలో) ఒకడు, మొదటి ఐదుగురిలో ఎంపికవుతాడని అంతా అనుకుంటున్నవాడు. అవతల ఒహాయో స్టేట్ తరఫున ఎజెకియెల్ ఎలియట్. మొదటి పావు ఆటలోనే స్మిత్ ఎడమ మోకాలిలో రెండు లిగమెంట్లు తెగాయి, పాదాన్ని పైకెత్తే నరం దెబ్బతింది. నడిచేటప్పుడు పాదం కిందికి వేలాడిపోయే స్థితి. ఎలియట్ ఆ రోజు నాలుగు టచ్‌డౌన్‌లు చేశాడు. నాలుగు నెలలు తిరిగేసరికి ఇద్దరినీ ఒకే క్లబ్బు, డల్లస్ కౌబాయ్స్, తీసుకుంది. ఎలియట్ నాలుగో స్థానంలో, దాదాపు రెండున్నర కోట్ల డాలర్లకు. స్మిత్ 34వ స్థానంలో, సుమారు 65 లక్షలకు. ఒక్క దెబ్బకు నోటికాడి కూడులో ముప్పాతిక భాగం పోయింది. స్మిత్ ముందుచూపుతో బీమా తీసుకున్నాడు కాబట్టి అందులో కొంత తిరిగొచ్చింది.

స్మిత్ మరో ఏడాది కాలేజీలో ఉండాల్సిందని వాదించినవాళ్లు ఉన్నారు. ఉంటే ఏమయ్యేది? నరం కోలుకోవడానికి ఏడాది పైనే పట్టింది. 2016 సీజన్‌లో అతను ఎక్కడున్నా ఆడేవాడు కాదు. కౌబాయ్స్ అతన్ని ధైర్యంగా తీసుకోవడానికి కారణం మోకాలికి సర్జరీ చేసింది ఆ క్లబ్బు డాక్టరే కావడం. ఆ నరం సంగతి మిగతా క్లబ్బుల కంటే వాళ్లకు బాగా తెలుసు. 2017లో పాదానికి పట్టీ బిగించుకుని పదహారు మ్యాచ్‌లూ ఆడాడు. 2019లో 6 కోట్ల 40 లక్షల డాలర్ల కొత్త ఒప్పందం కుదిరింది. కాలేజీలో ఏడాది ఆగి ఉంటే ఆ రోజు కూడా ఏడాది వెనక్కి జరిగేది. ఇది చాలామంది పట్టించుకోని లెక్క. 2011 నుంచి కొత్త ఆటగాళ్ల తొలి ఒప్పందాలకు గట్టి పరిమితి ఉంది. అసలు సంపాదన మొదలయ్యేది రెండో ఒప్పందంతో. మోకాళ్లు, చీలమండలు ఎన్నేళ్లు మన్నుతాయో ఎవరికీ తెలియని ఆటలో, ఆ రెండో ఒప్పందం ఏడాది ముందు రావడానికీ వెనక రావడానికీ చాలా తేడా ఉంది.

నా వాదనకు ఎదురుగా మార్కస్ లాటిమోర్ పేరు చెబుతారు. దక్షిణ కరోలినా విశ్వవిద్యాలయం తరఫున బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్. 2012 అక్టోబరు 27న టెనెసీతో మ్యాచ్‌లో కుడి మోకాలు జారి లిగమెంట్లు తెగిపోయాయి. ప్రత్యర్థి ఆటగాళ్లతో సహా రెండు జట్లూ మైదానంలోకొచ్చి అతని చుట్టూ నిలబడ్డాయి. అయినా 2013లో వృత్తి ఆటకు వెళ్లాడు. శాన్‌ఫ్రాన్సిస్కో క్లబ్బు 131వ స్థానంలో తీసుకుంది. ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే 2014 నవంబరులో, ఇరవై మూడేళ్లకు, ఆట మానేశాడు. ‘చూశారా, తొందరపడ్డాడు’ అంటారు. అతని కథను ఒక ఏడాది వెనక నుంచి చదవాలి. 2011 అక్టోబరులో ఎడమ మోకాలు పోయింది. అప్పటికతను దేశం మొత్తం పేరు తెలిసిన ఆటగాడు. వెళ్లిపోదామన్నా మూడేళ్ల నిబంధన పోనివ్వలేదు. ‘ఇంకో ఏడాది ఆడి చూపించు’ అన్నది అతని విషయంలో సలహా కాదు, నిర్బంధం. ఆడి చూపించాడు. రెండో మోకాలు పోయింది.

అతని విషయంలో మరో సంగతీ ఉంది. 2013 సీజన్ అంతా లాటిమోర్‌ను క్లబ్బు పక్కన పెట్టింది. వేలమంది చూస్తుండగా ఫుట్‌బాల్ మైదానంలో తగిలిన దెబ్బను, తమ దగ్గర తగలలేదు కాబట్టి ఫుట్‌బాల్ గాయం కాదన్న జాబితాలో చేర్చింది. ఆ జాబితాలో ఉన్నవాడికి పూర్తి జీతం ఇచ్చి తీరాలన్న నియమం లేదు. కాబట్టి వృత్తి ఆటలోకి వెళ్తే చాలు, గాయం భారమంతా తీరిపోతుందని నేను అనను. ఒప్పందంలో ఎంత మొత్తానికి హామీ ఉందో, పాత గాయం గురించి ఏ వాక్యం రాశారో చూసుకోవాలి. అక్కడ మంచి ఏజెంటు, మంచి లాయరు కొండంత అండ.

ఇక చదువు మాట. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం ఉంది. అదే ఊళ్లో తెలుగు కుటుంబాలూ పెద్ద సంఖ్యలో ఉన్నాయి. ఇలాంటి ప్రశ్న మనింట్లో వస్తే మనం మొదట అనే మాట ‘ముందు డిగ్రీ పూర్తిచెయ్’ అనే. ఆ ఆరాటం నాకు అర్థమవుతుంది. అయితే చదువు ఆటలాగా వయసుతో చేజారేది కాదు. 1990లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయాన్ని వదిలి వెళ్లిన ఎమిట్ స్మిత్, కౌబాయ్స్ తరఫున మూడు సూపర్‌బౌల్ ఫైనళ్లు గెలిచాక 1996లో డిగ్రీ పూర్తిచేశాడు. మోకాలికి అలాంటి వాయిదా దొరకదు.

2021 జులై నుంచి లెక్కలు మారిన మాట నిజం. కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకోవచ్చు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన రాజీ ప్రకారం విశ్వవిద్యాలయాలే ఆటగాళ్లకు నేరుగా చెల్లించవచ్చు. మొదటి ఏడాది ఒక్కో విశ్వవిద్యాలయానికి పరిమితి 2 కోట్ల 5 లక్షల డాలర్లు. పేరున్న క్వార్టర్‌బ్యాక్‌కు ఇప్పుడు కాలేజీలో మరో ఏడాది ఉండటం లాభసాటి కావచ్చు. అలాంటివాడు ఉండిపోతానంటే నేను తప్పుపట్టను. కానీ ఆ డబ్బు ఆడినందుకు ఇచ్చేది, విరిగినందుకు కాదు. జట్టులో పేరు తెలియని లైన్‌మన్‌కు దక్కే వాటా చిన్నది, అతని మోకాలికి తగిలే దెబ్బ మాత్రం అంతే పెద్దది.

ఇక్కడే విశ్వవిద్యాలయాలు తప్పించుకుంటున్నాయి. 1974లో బర్మింగ్‌హామ్‌లో అలబామాతో ఆడుతూ టెక్సస్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయం ఆటగాడు కెంట్ వాల్‌డ్రెప్ మెడ విరిగి, మెడ కింది ఒళ్లంతా చచ్చుబడింది. కార్మికులకిచ్చే పరిహారం తనకూ ఇవ్వాలని అతను ఏళ్ల తరబడి పోరాడాడు. అతను విద్యార్థే, ఉద్యోగి కాదని 2000లో టెక్సస్ అప్పీలు కోర్టు తేల్చింది. ఈ రోజుకీ ఆ గీత చెరగలేదు. ఆటగాడికి డబ్బిస్తారు, ఉద్యోగి అని ఒప్పుకోరు.

2024 ఆగస్టు నుంచి పెద్ద విశ్వవిద్యాలయాలు కాలేజీ ఆట ముగిసిన ఆటగాడి గాయాలకు కనీసం రెండేళ్లు వైద్యం చూడాలన్న నియమం వచ్చింది. మంచిదే. కానీ లిగమెంటు తెగిన మోకాలు, జారిన తుంటి ఆర్థరైటిస్‌గా ముదిరేది రెండేళ్లలో కాదు, పది పదిహేనేళ్లకు. అప్పటికి ఆ కుర్రాడు ముప్ఫై అయిదేళ్లవాడు, పిల్లల తండ్రి, బహుశా ఫుట్‌బాల్‌తో సంబంధం లేని ఉద్యోగంలో ఉన్నవాడు. కీలు మార్పిడి బిల్లు అతని చేతికే వస్తుంది. ఏటా ఆటగాళ్లకు పంచే డబ్బులో కొంత భాగాన్ని పక్కన పెట్టి, మైదానంలో తగిలిన గాయానికి జీవితాంతం వైద్యం చేయిస్తామని విశ్వవిద్యాలయాలు రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. ఇరవై ఏళ్ల కుర్రాడిని ‘ఇంకో ఏడాది ఆగు’ అని అడిగే ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టాలి.